ఒడ్డురాళ్ల మీది మాస్ మొక్కలకు మడత భూతద్దం: ఏడాది వాడిన తరువాత

ఒకే చట్రంలో 10 రెట్లు, 20 రెట్లు పెంచి చూపే రెండు కటకాలున్న ఈ మడత భూతద్దాన్ని నేను ప్రత్యేకంగా ఒక పని కోసం కొన్నాను. సముద్రపు తుంపర తగిలే బండపై కనిపించిన ఒక నల్లని గుబురు ఇంతవరకు ఎవరూ వర్ణించని జాతి కావచ్చునన్న అనుమానమే అందుకు కారణం. ఆ అనుమానాన్ని మొదట పెంచినదీ, తరువాత తుంచడానికి తోడ్పడినదీ ఈ భూతద్దమే.

మనం నాచు అన్న ఒక్క మాటతో శైవలాలనూ (ఆల్గేనూ) మాస్ మొక్కలనూ కలిపేస్తాము కాబట్టి ఒక వివరణ అవసరం. ఐరిష్ మాస్ అని పిలిచే కోండ్రస్ క్రిస్పస్ నిజానికి ఎర్ర శైవలం. అసలైన మాస్ మొక్కలలో సముద్రంలో మునిగి బతికేది లేదు. ఉప్పు తుంపరను తట్టుకొని షిస్టిడియం మారిటిమమ్ లాగా ఒడ్డురాళ్లపై నిలిచేవి కొన్నే.

10 రెట్ల కటకం అద్భుతంగా ఉంది. అంచుల దాకా బొమ్మ స్పష్టంగా ఉంటుంది, రంగుల చారలు కనిపించవు. గుళిక (బీజాంశాలుండే తిత్తి) ఆకుల మధ్య దాగి ఉందా, కాడపై పైకి లేచిందా, ఆకు కొనన తెల్లని వెంట్రుక ఉందా లేదా అన్నవి బండ దగ్గరే తేలిపోతాయి. నా గుబురులో ఆ వెంట్రుక లేదు. ఉండవలసిన ప్రజాతిలో (దగ్గరి జాతుల సమూహంలో) అది లేకపోవడమే నన్ను ఊరించింది. అయితే 20 రెట్ల కటకంతో లోపలి లేత ఆకులను వెతికినప్పుడు వాటికి వెంట్రుకలు చక్కగా ఉన్నాయి. ముదురు ఆకులవి ఇసుక ఒరిపిడికి విరిగి, మొండికొనలే మిగిలాయి. తప్పు పరికరానిది కాదు, మొదటి రోజే ఆ పని చేయని నాది.

20 రెట్ల కటకంతో చూడడం మాత్రం సులభం కాదు. మొక్కను సుమారు 12 మిల్లీమీటర్ల దూరానికి తేవాలి. అప్పుడు నా తల నీడే దానిపై పడుతుంది. పైగా శ్వాసలోని తేమకు ఎండిన ఆకులు విచ్చుకోవడం మొదలవుతుంది కనుక, ఆకులు ఎండినప్పుడు ఎలా ముడుచుకుంటాయన్న ముఖ్య లక్షణాన్ని ముందే 10 రెట్లలో చూసి రాసుకోవడం మంచిది.

దీనితో కొత్త జాతి వర్ణన రాయగలమని ఎవరూ ఆశించకూడదు. ఆకు కణాలు తరచుగా 10 మైక్రోమీటర్ల ప్రాంతంలో ఉంటాయి. వాటి గోడల మందం, వాటిపై ఉండే సూక్ష్మమైన బొడిపెలు, నడిమి ఈనె అడ్డుకోత వంటివి చూడడానికి 400 రెట్లు పెంచే మైక్రోస్కోపు తప్పనిసరి. స్ఫాగ్నమ్ అనే బురదనేలల మాస్ తప్ప మిగిలిన మాస్ మొక్కల నామకరణానికి 1801లో వెలువడిన వృక్షశాస్త్రజ్ఞుడు హెడ్విగ్ గ్రంథం ఆరంభం కాబట్టి, అప్పటినుండి పేరు పెట్టిన దగ్గరి జాతులన్నిటితో పోల్చిన తరువాతే కొత్తదనాలి. ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో ఆ పోలిక చేసేటప్పుడు ఈ భూతద్దం మళ్లీ అక్కరకు వస్తుంది, ఎందుకంటే అనుమతి లేకుండా టైప్ నమూనాను (జాతి పేరుకు ఆధారమైన అసలు నమూనాను) తడపకూడదు, తుంచకూడదు. పొట్లం విప్పి పొడిగానే చూడాలి.

నా ఫిర్యాదంతా చట్రం మీదే. తుప్పు పట్టదని పెట్టె మీద రాసి ఉన్నా, రెండు కటకాలను కలిపే మేకు ఆరు నెలలకే ఎర్రబడి మడత బిగుసుకుపోయింది. ప్రతిసారీ మంచినీటితో కడిగి ఆరబెట్టడం మొదలుపెట్టాక కొంత నయం. ఇసుకరేణువు ఇరుక్కొని 20 రెట్ల కటకంపై ఒక గీత కూడా పడింది. ఈసారి కొంటే ఒక్క 10 రెట్ల కటకమే ఉన్నదాన్ని, మేకుకు బదులు విప్పదగిన మర ఉన్నదాన్ని ఎంచుకుంటాను. లేత ఆకులను ఇంట్లో మైక్రోస్కోపు కింద చూస్తాను.