నాలుగేళ్లుగా ఇళ్ల సైట్లలో ఫోనుతో భద్రతా పాఠాలు

మేము కట్టేవి పెద్ద భవనాలు కావు. హైదరాబాదు శివార్లలో రెండు వందల గజాల స్థలంలో లేచే రెండు మూడు అంతస్తుల ఇళ్లు. మామూలు రోజున పదిహేను మంది ఉంటారు, స్లాబు వేసే రోజు ముప్పై మంది. నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నియమాలు 500 మంది, అంతకు మించి పనిచేసే చోటే భద్రతాధికారి ఉండాలన్నాయి. మా సైట్లలో ఆ బాధ్యత కూడా సూపర్‌వైజరుదే. అంటే నాదే.

ఫోను పట్టుకోవడానికి కారణం 2021లో జరిగిన ప్రమాదం. మొదటి అంతస్తు స్లాబులో పైపుల కోసం వదిలిన ఖాళీ మీద ప్లైవుడ్ ముక్క కప్పి ఉంచాం. సామాను సర్దుతున్న కుర్రాడు దాన్ని రెండు చేతులా ఎత్తి ఒక అడుగు ముందుకు వేశాడు. చేతిలో ఉన్న చెక్కే కింద ఉన్న ఖాళీని అతనికి కనబడనివ్వలేదు. మడమ ఎముక విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. చూడడానికి వెళితే, “అది ఊరికే పడి ఉన్న చెక్క అనుకున్నాను సార్” అన్నాడు. అంతకు వారం ముందే అందరినీ నిలబెట్టి ‘ఖాళీల దగ్గర జాగ్రత్త’ అని చెప్పాను. ఆ మాట చెవిన పడిందే తప్ప, ఖాళీ ఎలా ఉంటుందో అతని కంటికి కట్టలేదు.

మొదట చందా కట్టి, తయారుగా దొరికే పాఠాల యాప్ తీసుకున్నాం. బొమ్మ శుభ్రంగా ఉంది, మాట స్పష్టంగా ఉంది. కానీ అందులో ఇనుప పరంజా, నడుముకు బెల్టులు, చుట్టూ వల. మా దగ్గర సర్వీ బాదులు, కొబ్బరి తాళ్లు. “ఇది మన పని కాదు” అని మేస్త్రీలు మొదటి రోజే తేల్చేశారు. పాఠం చూసినట్టు అందరి తరఫునా గుంపు మేస్త్రీ ఒక్కడే బటన్ నొక్కేవాడు. లెక్కలో నూటికి నూరు శాతం శిక్షణ పూర్తయింది, సైటులో మాత్రం ఏ అలవాటూ మారలేదు. ఎనిమిది నెలలకు మానేశాం.

తర్వాత మా పనిని మేమే వీడియో తీసుకోవడం మొదలుపెట్టాం. మామూలు ఫోను, నలభై సెకన్ల వీడియో, అంతే. మొదటిది పరంజా పలక మీద. పలక చివర ఆధారపు బాదు దాటి మూరెడు బయటికి ఉంది. మా తాపీ మేస్త్రీ కింద నిలబడి, ఆ చివర ఒక సిమెంటు బస్తా పెట్టాడు. రెండో చివర గాల్లోకి లేచింది, బస్తా నేల మీద పడి పగిలింది. “ఇక్కడ నువ్వు నిలబడి ఉంటే?” అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకున్నాడు. ఆ వీడియోను మర్నాడు పొద్దున ఏడున్నరకు, కాంక్రీటు కలిపే మిల్లర్ చప్పుడు మొదలుకాక ముందు, ట్యాబులో చూపించాను. ఇటుకలు మోసే ఒకమ్మ మళ్లీ వేయమంది. ఆ మధ్యాహ్నమే రెండు పలకలను వాళ్లంతట వాళ్లే వెనక్కి జరిపి తాడుతో కట్టారు. ఆ తాళ్లు చూసిన రోజు నాకు కలిగిన తృప్తి ఏ స్లాబు పూర్తయినప్పుడూ కలగలేదు.

ఖాళీ మీది చెక్క గురించి కూడా వీడియో ఉంది. ఇప్పుడు దానికి మేకులు కొట్టి, పైన ఎర్ర రంగుతో పెద్ద అడ్డగుర్తు వేస్తాం. చదువు రానివాళ్లకూ తెలియాలని అక్షరాలు రాయలేదు.

నిచ్చెనకు మాత్రం బయటి యాప్ బాగా పనికొచ్చింది. పనిచోట్ల భద్రత మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నయాష్ (NIOSH) దాన్ని 2013లో ఉచితంగా విడుదల చేసింది. ఫోనును నిచ్చెన పక్క పట్టీకి ఆనిస్తే వాలు సరిగా ఉందో లేదో తెర మీద చూపిస్తుంది, శబ్దంతోనూ చెబుతుంది. నాలుగడుగుల ఎత్తుకు గోడ నుంచి అడుగు దూరం, అంటే సుమారు 75 డిగ్రీలు. వెదురు నిచ్చెన వంకరగా ఉంటుంది కాబట్టి అల్యూమినియం నిచ్చెన మీదే నేర్పించాను. రెండు నెలలు గడిచాక యాప్ తెరవాల్సిన అవసరమే రాలేదు. కంటికి ఆ కోణం అలవాటైపోయింది.

కరెంటు విషయంలో వాట్సాప్ గ్రూపు ఉపయోగపడింది. తడి నేల మీద కటింగ్ మిషన్ నడుస్తుంది కాబట్టి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్చు పెట్టించాం. రోజూ టెస్ట్ బటన్ నొక్కి, స్విచ్చు పడిపోయిన ఫోటో గ్రూపులో పెట్టాలి. కొన్నాళ్లకు నిన్నటి ఫోటోనే ఇవాళ పెడుతున్నారని తెలిసింది. ఇప్పుడు బోర్డు పక్కన సుద్దతో తేదీ రాసి తీస్తారు.

గోడలకు అంటించిన క్యూఆర్ స్టిక్కర్లు, సిమెంటు గట్టిపడడానికి రోజూ కొట్టే క్యూరింగ్ నీళ్లకు వారంలో ఊడిపోయాయి. కళ్లకు తగిలించుకునే వీఆర్ పెట్టె ఒక రోజు అద్దెకు తెచ్చి చూశాం. పెద్ద మేస్త్రీకి తల తిరిగింది, తిరిగి ఇచ్చేశాం. ఎండలో ట్యాబు తెర కనబడదు, మెట్ల కింద నీడలోనే చూపించాలి. సగం మందికి మంచి ఫోను లేదు కాబట్టి, గ్రూపులో పెడితే అందరికీ చేరుతుందనుకోవడం పొరపాటు.

నన్ను ఇప్పటికీ వేధించేది భాష. స్లాబుకు అచ్చు కట్టే మా సెంట్రింగ్ పనివాళ్లలో చాలామంది ఒడిశా నుంచి వస్తారు. తెలుగు మాటకు తల ఊపేవారు, అర్థమైందో లేదో నాకు తెలిసేది కాదు. ఈ మధ్య వాళ్లలోనే ఒకతను అవే వీడియోలకు ఒడియాలో మాట చేర్చాడు. స్లాబు కింద ఆసరాగా నిలిపిన జాకీలు ఊడదీసే పాఠంలో నేను ఒకటిన్నర నిమిషం చెప్పినదానికి అతను మూడు నిమిషాలు తీసుకున్నాడు. ఏమి చెప్పావని అడిగితే, “ముందు ఏ జాకీ తీయాలో మీరు చెప్పలేదు సార్, అది కలిపాను” అన్నాడు. తెలుగు వీడియోను వచ్చే ఆదివారం మళ్లీ తీస్తున్నాం.