స్పైవేర్ ట్రోజన్ దూరితే: స్కాన్, ఆఫ్‌లైన్ స్కాన్, ఫార్మాట్... ఏది మేలు?

ట్రోజన్ అంటే మంచి ప్రోగ్రాంలా నటించే హానికర సాఫ్ట్‌వేర్. అది తనంతట తాను పాకదు, మన చేత క్లిక్ చేయించుకునే వస్తుంది. క్రాక్ సాఫ్ట్‌వేర్, కీజెన్ (దొంగ లైసెన్స్ కీలు తయారుచేసే ప్రోగ్రాం), పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలు దాని మామూలు దారులు. పాస్‌వర్డ్ ఉంటే మెయిల్ స్కానర్ లోపలికి తొంగిచూడలేదు, అందుకే పెడతారు. ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అంటూ విండోస్ కీతో ఆర్, తర్వాత కంట్రోల్ వి, ఎంటర్ నొక్కమనే పేజీలు మరీ ప్రమాదం. ఆ పేజీ అప్పటికే క్లిప్‌బోర్డులో పవర్‌షెల్ (విండోస్‌కు ఆదేశాలిచ్చే సాధనం) కమాండ్ పెట్టి ఉంటుంది. దాన్ని రన్ చేసేది మీ వేళ్లే.

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు నెట్ తీసేయండి. పాస్‌వర్డులు వేరే శుభ్రమైన ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి. ‘అన్ని డివైజుల నుంచి సైన్ అవుట్’ కూడా నొక్కండి. సెషన్ కుకీ అంటే మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకు చెప్పే చిన్న ఫైలు. దాన్ని దొంగిలించి ఉంటే ఆ దొంగకు పాస్‌వర్డ్ అడిగే పేజీయే రాదు.

విండోస్ నడుస్తుండగా చేసే ఫుల్ స్కాన్ సులువు, ఫైళ్లకు ఢోకా లేదు. యాడ్‌వేర్ (ప్రకటనలు గుప్పించే ప్రోగ్రాం), టూల్‌బార్ లాంటివాటికి చాలు. కానీ ట్రోజన్ అప్పటికే మెమరీలో ఉంటే స్కానర్ కళ్లు కప్పగలదు, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లోని ఎక్స్‌క్లూజన్ల (స్కాన్ చేయకుండా వదిలేసేవాటి) జాబితాలో తన ఫోల్డరును చేర్చుకోగలదు. స్కాన్‌కి ముందు ఆ జాబితా తెరిచి, మీరు పెట్టనివన్నీ తీసేయండి. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాను, విడిగా ఉండే టాస్క్ షెడ్యూలర్‌ను కూడా చూడండి, తెలియనివి తమంతట తాము మొదలవుతున్నాయేమో. ఎస్‌వీసీహోస్ట్ (విండోస్ సొంత ప్రోగ్రాం) పేరుతో ఉన్న ఫైలు సిస్టమ్32లో కాకుండా యాప్‌డేటాలో కనిపిస్తే అది దొంగదే.

డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అంతకన్నా మేలు. కంప్యూటర్ రీస్టార్టయి విండోస్ పైకి లేవకముందే వెతుకుతుంది కాబట్టి ట్రోజన్‌కు దాక్కునే అవకాశం తక్కువ. దాదాపు 15 నిమిషాల పని. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే రికవరీ కీ అడగవచ్చు, ముందే రాసి పెట్టుకోండి. అయితే ఇదీ తనకు తెలిసిన జాతులనే పట్టుకుంటుంది. ఏమీ దొరకలేదంటే ఏమీ లేదని కాదు.

విండోస్‌ను పాత తేదీ స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రీస్టోర్‌ను మాత్రం నమ్మకండి. అది సొంత ఫైళ్ల జోలికి పోదు, డౌన్‌లోడ్స్‌లో ఉన్న అసలు ఫైలు అక్కడే ఉండిపోవచ్చు. ‘ఫైళ్లు ఉంచు’ అనే రీసెట్‌కూ అదే లోపం.

బ్యాంకు లావాదేవీలు, ఆఫీసు పనులు చేసే కంప్యూటర్‌లో పాస్‌వర్డులు దోచే ట్రోజన్ రన్ అయిందంటే ఇక స్కాన్‌లతో సరిపెట్టుకోకండి, డిస్కు తుడిచి విండోస్‌ను కొత్తగా ఎక్కించే క్లీన్ ఇన్‌స్టాలే దారి. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, మరో శుభ్రమైన కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో దాన్ని విండోస్ ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధం చేయండి. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బ్యాకప్ తీయండి, ఈఎక్స్‌ఈ, జిప్ ఫైళ్లు వద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ డిస్కులోని పార్టిషన్లన్నీ డిలీట్ చేయండి. ఒక్క సి డ్రైవునే ఫార్మాట్ చేస్తే డిలో దాచిన కాపీ మిగిలిపోతుంది. డిజిటల్ లైసెన్స్ ఉంటే అదే కంప్యూటర్‌లో విండోస్ దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

అంతా అయ్యాక బ్రౌజర్ సింక్ (పాత సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు తిరిగి తెచ్చే సదుపాయం) వెంటనే ఆన్ చేయొద్దు. పాత ఎక్స్‌టెన్షన్లలో దొంగది ఉంటే, సింక్ దాన్ని కొత్త విండోస్‌లోకి మళ్లీ దించుతుంది.