చార్ట్‌ప్లాటర్‌కి బయటి జీపీఎస్ యాంటెన్నా: ఎవరికి పనికొస్తుంది?

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. రెండు నెలలు ఆపేసిన చార్ట్‌ప్లాటర్ (బోటు ఎక్కడుందో మ్యాప్ మీద చూపే తెర) మొదటిరోజు లొకేషన్ పట్టడానికి పావుగంట తీసుకుంటే పాడైనట్టు కాదు. ఏ ఉపగ్రహం ఎక్కడుంటుందో చెప్పే పట్టిక, అంటే ఆల్మనాక్, పూర్తిగా దిగడానికే 12.5 నిమిషాలు పడుతుంది. పైన ఆకాశం తెరిపిగా ఉన్నచోట ఆన్ చేసి వదిలేయండి. రోజూ ఇదే తంతయితే లోపలి బ్యాకప్ బ్యాటరీని అనుమానించాలి.

ఇక బయట బిగించే ఈ పుట్టగొడుగు ఆకారపు యాంటెన్నా సంగతి. వీల్‌హౌస్‌కి (బోటు నడిపే గదికి) సిగ్నల్‌ని అడ్డుకునే ఇనుప రేకు కప్పు ఉంటే డబ్బుకి తగ్గ సరుకే. ఫైబర్ కప్పు కిందయితే చాలామందికి అక్కర్లేదు, షాపువాళ్లు ఆ మాట చెప్పరు. రాడార్ తిరిగే ఎత్తులో బిగించకండి, వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నాకి కనీసం మీటరు ఎడం ఉంచండి. బలహీనత కనెక్టర్ దగ్గరే: ఉప్పునీరు చేరితే పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది, సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. బిగించగానే సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు (తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) సాగదీసి చుట్టండి.

కొనేముందు ఒక్క పరీక్ష. ప్లాటర్‌లో ఉపగ్రహాల సిగ్నల్ చూపే శాటిలైట్ పేజీ తెరిచి, డెక్ మీది ఎల్‌ఈడీ లైట్లు ఆపండి. సిగ్నల్ బార్లు ఒక్కసారిగా లేస్తే తప్పు చవక లైట్లది, యాంటెన్నాది కాదు.