స్టీవ్ జాబ్స్ లేని యాపిల్: గోదావరి గాలిలో ఏళ్ల తరబడి వాడాక

భీమవరం, అమలాపురం పక్కల చెరువుల గాలికి ఏ ఎలక్ట్రానిక్ వస్తువైనా త్వరగానే తన గుణం బయటపెడుతుంది. 2011 అక్టోబరులో యాపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్ పోయాక వచ్చిన యాపిల్ సరుకును ఇక్కడ వాడి చూస్తే, ఆ కంపెనీ పనితనానికి ఢోకా లేదు. కానీ బాగోలేదని బల్ల మీదికొచ్చిన నమూనాను వెనక్కి కొట్టే జాబ్స్‌లాంటి మనిషే కరువయ్యాడు.

మంచి సంగతి ముందు. 2020 నవంబరులో యాపిల్ సొంత చిప్ ఎం1తో వచ్చిన మాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్‌కి ఫ్యాన్ లేదు. అంటే తేమనీ, ధాన్యం నూర్పిళ్ల దుమ్మునీ లోపలికి పీల్చే పనే లేదు. 30 వాట్ల ఛార్జరు కాబట్టి చిన్న ఇన్వర్టరు మీదా నడుస్తుంది. మే నెలలో ఏసీ లేని గదిలో పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మాత్రం వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద కాకుండా చెక్కబల్ల మీద పెట్టాలి. మెమరీ తర్వాత పెంచుకోలేం, కొనేటప్పుడే 16 జీబీ తీసుకోవాలి. అయితే ఈ చిప్ ఘనత అంతా జాబ్స్ తర్వాత కంపెనీ పగ్గాలు పట్టిన టిమ్ కుక్‌దే అనలేం. పీ.ఏ. సెమీ అనే చిప్‌ల కంపెనీని 2008లో కొన్నదీ, 2010లో యాపిల్ సొంత ఏ4 చిప్ తెచ్చిందీ జాబ్స్ హయాంలోనే. ఆయన నాటు వేశాడు, వీళ్లు కోత కోశారు. కోత చెడగొట్టకుండా కోయడమూ చిన్న పనేం కాదు.

ఇక బటర్‌ఫ్లై కీబోర్డు. 2015లో 12 అంగుళాల మాక్‌బుక్‌తో మొదలైంది. ల్యాప్‌టాప్ పల్చబడాలని మీట దిగే లోతును బాగా తగ్గించారు. సన్న నలుసు దూరినా అక్షరం రెండుసార్లు పడుతుంది, లేదా అసలు పడదు. మీటలు, బ్యాటరీ, పైకవరు ఒకే ముక్కగా బిగించడంతో చాలా రిపేర్లలో మొత్తం మార్చాల్సి వచ్చేది. 2018లో ఉచిత రిపేరు ప్రకటించినా, పాత పద్ధతి మీటలకు తిరిగొచ్చింది 2019 చివర్లో. నాలుగేళ్ల మొండిపట్టు! జాబ్స్ ఉన్నప్పుడూ తప్పులు లేకపోలేదు. 2010 నాటి ఐఫోన్ 4ని ఓ పక్కగా పట్టుకుంటే సిగ్నల్ పడిపోయేది. కానీ మరుసటి ఏడాది 4ఎస్‌లో యాంటెన్నా అమరిక మార్చేశారు.

ఐఫోన్ ఛార్జింగుకిచ్చిన లైట్నింగ్ కేబులుదీ అదే వరస. 2012లో ఎటు తిప్పి గుచ్చినా పట్టే పిన్ను అంటే గొప్పే. కానీ బంగారు కాంటాక్టులన్నీ బయటే ఉంటాయి. తడి చేత్తో గుచ్చితే కరెంటు వచ్చే కాంటాక్టు నల్లబడి, ఛార్జింగ్ వచ్చిపోతూ ఉంటుంది. యూఎస్‌బీ-సీలో అవి లోపల దాక్కుంటాయి. ఐఫోన్‌కి అది 2023లో వచ్చింది, అదీ ఫోన్లకి యూఎస్‌బీ-సీయే ఉండాలన్న ఐరోపా చట్టం మెడ మీద కూర్చున్నాక. ఫోన్ రంధ్రం శుభ్రం చేయాలంటే ఆపేసి, చెక్క పుల్లతో అడుగున పేరుకున్న నూగు తీయాలి. సీ పోర్టులో నడుమ సన్న నాలుక ఉంటుంది, దాన్ని కదపకూడదు.

ఇక సాఫ్ట్‌వేర్. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం వస్తే ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కూలిపోయేవి. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. 2024లో చూపించిన కొత్త సిరిని (మాటలతో పని చెప్పించుకునే సహాయకురాలు) 2025 మార్చిలో వాయిదా వేశారు. తయారుకానిదాన్ని వేదికెక్కించారన్నమాట.

సెకండ్‌హ్యాండ్‌లో బటర్‌ఫ్లై కీబోర్డున్న 2016–2019 మాక్‌బుక్ చవగ్గా దొరికినా, ప్రతి మీటా పదిసార్లు నొక్కి చూడండి. ఉచిత రిపేరు మొదటి అమ్మకం నుంచి నాలుగేళ్లే, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.