డీజీటీ 3000 చెస్ క్లాక్: క్లబ్‌లో రేటెడ్ ఆటలకు సరిపోతుందా?

ఇద్దరు రేటెడ్ (రేటింగ్ ఉన్న) ఆటగాళ్లు 90+30లో, అంటే ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 30 సెకన్ల ఇంక్రిమెంట్ (అదనపు టైమ్) పెట్టుకుని ఆడుతుంటే మొదటి రెండు గంటలు ఏ గడియారమైనా నెట్టుకొస్తుంది. అసలు తేడా తెలిసేది ఇద్దరి దగ్గరా నిమిషం కూడా లేక, ఇంక్రిమెంట్ మీదే ఆట నడుస్తున్నప్పుడు. డీజీటీ 3000 నిలబడేది అక్కడే.

పైన ఒకటే పొడవాటి మీట. ఒక కొస నొక్కితే రెండోది లేస్తుంది, వంతు ఎవరిదో పక్క బల్ల నుంచే కనిపిస్తుంది. విడివిడి చిన్న బటన్లున్న చౌక రకాల్లో తొందరలో అంచున తాకితే నొక్కు పడకపోవచ్చు, నష్టపోయేది మన టైమే. పైగా పావు కదిపిన చేత్తోనే గడియారం నొక్కాలి, 30 సెకన్ల ఇంక్రిమెంట్ ఉంటే చివరిదాకా ఎత్తులు రాయాలి కూడా. అంత హడావిడిలో చూడకుండానే చేతికి తగిలే మీట ఉండాలి.

కొనగానే 3+2 పెట్టి చూడండి. 3:02 కనబడితే మొదటి ఎత్తుకు రావాల్సిన రెండు సెకన్లు ముందే కలిశాయన్నమాట.

ఇబ్బందంతా ఆట మధ్యలో టైమ్ సరిదిద్దడంలోనే. క్లాసికల్‌లో (ఎక్కువ టైమ్ ఉండే ఆటలో) ఎవరైనా మొదటిసారి ఇల్లీగల్ మూవ్ (నియమాలు ఒప్పుకోని ఎత్తు) వేస్తే ప్రత్యర్థికి 2 నిమిషాలు కలపాలి కదా. ముందు ప్లే బటన్‌తో ఆట ఆపాలి, తర్వాత అదే బటన్‌ను 3 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. మెరుస్తున్న అంకెను ప్లస్, మైనస్‌లతో మార్చి, ఒక్కో అంకె దాటుకుంటూ చివరిదాకా వెళ్లాలి. మధ్యలో కంగారుపడి కింది స్విచ్ ఆపేశారో, ఇద్దరి టైమూ గల్లంతే. అందుకే ముందు రెండు టైములూ కాగితం మీద రాసుకోవడం మంచిది. మాన్యువల్ చదవకుండా ఇదంతా తట్టదు, ఇక్కడ మార్కులు తగ్గించాల్సిందే.

ఇంకో తిరకాసు ఎత్తుల లెక్క. గడియారానికి బోర్డు కనిపించదు, లెక్కించేది మీట నొక్కుల్నే. ఆర్బిటర్‌ను (ఆట నిర్ణేతను) పిలిచిన గొడవలో ఎవరైనా ఒక నొక్కు ఎక్కువ నొక్కితే 40 ఎత్తులయ్యాక అదనపు టైమ్ కలిసే ఆటల్లో 40వ ఎత్తు దగ్గర లెక్క తప్పుతుంది. నమ్మాల్సింది ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్‌నే.

ఎలక్ట్రానిక్ బోర్డుకు కలిపే సదుపాయం చాలామందికి అక్కర్లేదు, డబ్బు మాత్రం దానికీ కలిపే ఇస్తాం. ఇంట్లో బ్లిట్జ్‌కైతే (కొద్ది నిమిషాల ఆటకైతే) డీజీటీ 1002 చాలు. 1001 మాత్రం వద్దు, అందులో ఇంక్రిమెంటే లేదు. 3000కు రెండు ఏఏ బ్యాటరీలు కావాలి. వాడని నెలల్లో తీసి పక్కన పెట్టండి, కారితే లోపలి రేకులు పాడవుతాయి.