రెండేళ్లు వాడాక లెవెల్ కన్వర్టర్ బోర్డు: అంతా ఆ 10కె రెసిస్టర్ల దగ్గరే ఉంది

3.3 వోల్టుల చిప్పుకు, 5 వోల్టుల చిప్పుకు మధ్య సిగ్నళ్లను అటూ ఇటూ మార్చే నాలుగు ఛానెళ్ల ఆ బుల్లి లెవెల్ కన్వర్టర్ బోర్డు గురించే చెబుతున్నా, స్విచ్చుల్లా పనిచేసే బీఎస్ఎస్138 మాస్‌ఫెట్లు నాలుగు, 10కె (10 కిలో ఓమ్‌ల) రెసిస్టర్లు ఎనిమిది ఉండేది. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాను. ఎటువైపు 3.3 వోల్టులు, ఎటువైపు 5 వోల్టులు అనేది దాని మీదే రాసి ఉంటుంది కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నా. రెండేళ్ల పైనే వాడాను. మొదటి ఏడాది ఎవరడిగినా "కళ్లు మూసుకుని కొనండి, బయట ఇంకే రెసిస్టర్లూ పెట్టక్కర్లేదు, పుల్అప్‌లన్నీ బోర్డు మీదే ఉన్నాయి" అని చెప్పాను. ఆ మాటలో రెండో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా. (పుల్అప్ అంటే, ఎవరూ కిందికి లాగనప్పుడు లైనును పై వోల్టేజీకి లాగే రెసిస్టర్.)

మా ఇంట్లో దీని పని ఏమిటంటే, డాబా మీద ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో వంటింటి గోడకు బిగించిన 16x2 ఎల్‌సీడీ మీద కనబడాలి. 3.3 వోల్టులతో నడిచే ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్, ఈ బోర్డు రెండూ మెట్ల కింద మోటార్ స్టార్టర్ పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాయి. అక్కణ్ణుంచి వంటింటికి నాలుగు మీటర్ల ల్యాన్ కేబుల్ లాగి, ఎల్‌సీడీ వెనక ఉండి దానికి డేటా అందించే పీసీఎఫ్8574 చిప్ బోర్డుకు ఐటూసీ ఇచ్చాను, అంటే ఎస్‌డీఏ అనే డేటా వైరు, ఎస్‌సీఎల్ అనే క్లాక్ వైరు, ఈ రెండిటి మీదే చిప్పులు మాట్లాడుకునే పద్ధతి. ఏడాదికి పైగా దాని జోలికి వెళ్లే పనే పడలేదు. ఎండాకాలంలో ఆ డబ్బా మీద చెయ్యి పెడితే వేడిగా ఉండేది, అయినా ఒక్క అక్షరం తప్పలేదు.

ఎల్‌సీడీ వెనక లైటు మసకబారిందని కొత్తది కొని మార్చిన మూడో రోజు నుంచి మొదలైంది. అమ్మ పిలిచి, "ఏరా, దీంట్లో ఏవో చైనా అక్షరాలు వస్తున్నాయి, నీళ్లున్నాయో లేవో తెలియట్లేదు" అంది. వెళ్లి చూస్తే అవి చైనావి కాదు, జపాన్ వాళ్ల కటకానా. ఎల్‌సీడీ కంట్రోలర్ చిప్‌లోనే ఆ అక్షరాలు ఉంటాయి, దానికి పంపే డేటాలో ఒక్క సగం బైటు జారిపోయినా ఆ తర్వాత వచ్చేదంతా ముక్కలు తప్పి అవే కనబడుతుంటాయి, రీసెట్ చేసేదాకా సర్దుకోదు. ఆ వారంలోనే ఒకరోజు అమ్మ అంచనా మీద మోటార్ వేస్తే ట్యాంకు పొర్లి పక్కింటివాళ్ల గోడంతా తడిసింది. వాళ్లు ఏమీ అనలేదు గానీ నాకే తల కొట్టేసినట్టయింది, పరికరం పెట్టింది నేను కదా.

ఎక్కువగా మోటార్ ఆన్ చేసినప్పుడే చెడిపోతుండటంతో నేను నేరుగా నాయిస్ (మోటార్ లాంటివాటి వల్ల వైర్లలోకి చొరబడే విద్యుత్ కుదుపులు) మీద పడ్డాను. కేబుల్‌కు నాయిస్ తగ్గించే ఫెర్రైట్ రింగు తొడిగాను, పవర్ సప్లై మార్చాను, కన్వర్టర్ బోర్డే పోయిందేమోనని ఇంకోటి తెచ్చి పెట్టాను. ఏం తేడా లేదు. మల్టీమీటర్ పెడితే అటు 5, ఇటు 3.3, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. లైను ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజీ సరిగానే ఉంటుంది, అది పైకి లేవడానికి ఎంతసేపు పట్టిందో మీటర్ చెప్పదు.

తెలిసినాయన ఒకరు "లైనుకు, గ్రౌండుకు మధ్య 100 పికోఫారడ్ల కెపాసిటర్ పెట్టు, నాయిస్ పోతుంది" అన్నారు. ఎస్‌డీఏకు, ఎస్‌సీఎల్‌కు చెరొకటి పెట్టాను. అంతే, అప్పటిదాకా అప్పుడప్పుడైనా పలికిన ఎల్‌సీడీ పూర్తిగా మూగబోయింది, ఐటూసీ లైను మీద ఏ పరికరాలున్నాయో వెతికే స్కానర్ ప్రోగ్రామ్‌కు దాని అడ్రసే దొరకలేదు. కానీ నాకు దారి దొరికింది కూడా ఆ తప్పుతోనే. కెపాసిటర్ లైను పైకి లేవడాన్ని నెమ్మది చేస్తుంది, అంత చిన్న కెపాసిటర్‌కే లైను చచ్చిపోయిందంటే అది అప్పటికే గట్టు మీద ఉందన్నమాట. కెపాసిటర్లు పీకేసి, ప్రోగ్రామ్‌లో ఐటూసీ క్లాక్‌ను 100 కిలోహెర్ట్జ్ నుంచి 10కి దించాను. ఒక పగలు, ఒక రాత్రి మోటార్ ఎన్నిసార్లు వేసి ఆపినా ఒక్క అక్షరం చెదరలేదు. నెమ్మది క్లాక్‌లో లైను పైకి లేవడానికి టైము దొరికింది, అప్పుడు అర్థమైంది ఇది నాయిస్ కాదు, పుల్అప్ బలం చాలకపోవడం అని.

పాత ఎల్‌సీడీ ఇంకా డ్రాయర్‌లోనే ఉంది. కరెంటు తీసేసి, కన్వర్టర్ బోర్డు మీద హెచ్‌వీ పిన్నుకు (5 వోల్టులు ఇచ్చేది), హెచ్‌వీ1 పిన్నుకు (5 వోల్టుల వైపు మొదటి లైను) మధ్య ఓమ్‌లు కొలిస్తే కొత్త ఎల్‌సీడీతో సుమారు 10కె వచ్చింది. పాతది తగిలించి కొలిస్తే 3.2కె. లైటు కింద పెట్టి రెండిటి వెనకాల బోర్డులూ పక్కపక్కన చూశాను. పాతదాని మీద ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ పిన్నుల దగ్గర బియ్యపుగింజలో సగమైనా లేని రెండు నల్ల రెసిస్టర్లు, వాటి మీద 472 అని ఉంది, అంటే 4.7కె, కన్వర్టర్ మీది 10కెతో సమాంతరంగా కలిస్తే అదే 3.2కె. కొత్తదాని మీద ఆ రెండు చోట్లా ఖాళీ ప్యాడ్లు, టంకం మెరుస్తూ. ఇన్నాళ్లూ నేను కన్వర్టర్‌ను పొగిడినప్పుడల్లా ఆ పని సగానికి పైగా చేసింది ఎల్‌సీడీ వెనకున్న ఆ రెండు రెసిస్టర్లు.

లెక్క వేసి చూడండి. ల్యాన్ కేబుల్ కూడా ఒక కెపాసిటర్ లాంటిదే, మీటరుకు సుమారు 50 పికోఫారడ్లు, నాలుగు మీటర్లకు 200, చిప్పులు, కనెక్టర్లు కలిపి 250 అనుకోండి. 5 వోల్టుల మీద నడిచే పీసీఎఫ్8574 లైను 3.5 వోల్టులు దాటితేనే దాన్ని '1'గా లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్క 10కె మీద ఆ ఎత్తు ఎక్కడానికి దాదాపు 3 మైక్రోసెకన్లు. 100 కిలోహెర్ట్జ్‌లో ఎస్‌సీఎల్ పైన ఉండేదే 5 మైక్రోసెకన్లు, అందులో మూడు ఎక్కడానికే పోతే మిగిలేదెంత? పైగా అంత నెమ్మదిగా ఎక్కే లైను గీత దాటే చోట ఎక్కువసేపు తచ్చాడుతుంది, సరిగ్గా అప్పుడు మోటార్ స్టార్టర్ పడితే ఆ కుదుపుకే తప్పు చదువుతుంది. నేను నాయిస్ అనుకోవడంలో పూర్తిగా పొరపాటు లేదు, కాకపోతే నాయిస్‌కు తలుపు తెరిచింది బలహీనమైన పుల్అప్. తర్వాత స్నేహితుడి రిపేరు షాపులో సిగ్నల్ ఆకారం చూపించే ఆసిలోస్కోప్ మీద చూశాను. గోడలా నిలువుగా లేవాల్సిన అంచు చెరువు గట్టులా ఏటవాలుగా ఉంది, 2 వోల్టులు దాటాక మరీ నెమ్మదించింది. అక్కడిదాకా మాస్‌ఫెట్ తెరుచుకుని ఉండి రెండు వైపుల పుల్అప్‌లూ కలిసి లాగుతాయి, అది మూసుకున్నాక 5 వోల్టుల వైపు రెసిస్టర్ ఒంటరిగా లాగాలి.

ఇంతకీ మందు ఏమిటంటే, హెచ్‌వీ వైపు ఎస్‌డీఏకు ఒకటి, ఎస్‌సీఎల్‌కు ఒకటి, 5 వోల్టులకు 3.3కె. బోర్డు మీది 10కెతో కలిసి సుమారు 2.5కె అవుతుంది, ఎక్కే సమయం ముప్పావు మైక్రోసెకనుకు పడిపోయింది. ముందు తొందరలో 1కె పెట్టబోయి ఆగాను. అలా పెడితే లైనును కిందికి లాగే చిప్పు 5.5 మిల్లీ ఆంపియర్లు మింగాలి, పీసీఎఫ్8574 డేటాషీట్ ఎస్‌డీఏ మీద హామీ ఇచ్చేది 3 మాత్రమే. పనిలో పనిగా కేబుల్‌లో ఒకే జతలో మెలిపడి ఉన్న ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్‌లను విడదీసి, ఒకదాన్ని గ్రౌండుతో, ఇంకోదాన్ని 5 వోల్టులతో జత చేశాను. క్లాక్ మళ్లీ 100కే పెట్టేశాను. ఎనిమిది నెలలైంది, అమ్మ మళ్లీ పిలవలేదు.

ఈ ఏర్పాటును తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. 1997లో ఫిలిప్స్ వాళ్లు అప్లికేషన్ నోట్‌లో ఇచ్చింది ఇదే, ఒక మాస్‌ఫెట్, చెరో వైపు ఒక రెసిస్టర్, దిక్కు చెప్పే వైరు లేకుండా రెండు వైపులా పనిచేస్తుంది. 5 వోల్టుల వైపు ఎవరైనా లైనును కిందికి లాగితే ముందు మాస్‌ఫెట్ లోపలి డయోడ్ గుండా 3.3 వైపు కూడా దిగుతుంది, అలా దిగేసరికి మాస్‌ఫెట్ తనే తెరుచుకుంటుంది. ఎన్నిసార్లు చదివినా నాకు ముచ్చటేస్తుంది. నా బాధల్లా ఆ 10కె ఎంత వైరుకు సరిపోతుందో అమ్మేవాళ్లు ఎవరూ ఒక్క ముక్క రాయకపోవడమే. సంక్రాంతికి రంగుల ఎల్‌ఈడీ స్ట్రిప్ డేటా లైనును కూడా దీని గుండానే పంపి చూశాను, డబ్ల్యూఎస్2812 రకం. నా దగ్గర అస్సలు కుదరలేదు, కావలసిన వాటిలో చిన్న పల్సు ఒక మైక్రోసెకనులో సగం కూడా ఉండదు, అంత వేగం ఈ పుల్అప్‌లతో రాదు. పుల్అప్‌ల మీద ఆధారపడకుండా లైనును తనే పైకీ కిందికీ తోసే 74ఏహెచ్‌సీటీ125 చిప్ పెట్టాక వెంటనే వెలిగింది.

బ్రెడ్‌బోర్డు మీద జానెడు వైరుతో ఒక సెన్సరు కలిపేవాళ్లయితే ఇవేవీ మీకు ఎదురవకపోవచ్చు, ఈ బోర్డే తీసుకోండి. 1.8 వోల్టుల చిప్పుకైతే నేను కొనను, బీఎస్ఎస్138 తెరుచుకోవడానికే 1.5 వోల్టుల దాకా కావాల్సి రావచ్చు, ఇక మిగిలే సందెంత? మా ఇంటి నాలుగు మీటర్లకు, 100 కిలోహెర్ట్జ్‌కు మాత్రం 3.3కె తోడుగా ఇది చాలు. మొన్న మా బాబాయి వాళ్లింట్లో కూడా ఇదే పెట్టమంటే ఇంకో బోర్డు కొన్నాను, కానీ వాళ్ల ట్యాంకు పక్క వాటాలో, వైరే తొమ్మిది మీటర్లు. ఈసారి ముందు కేబుల్ కొలిచి, ఎల్‌సీడీ వెనక 472 ఉందో లేదో చూసి, ఆ తర్వాతే రెసిస్టర్ సంగతి తేలుస్తాను.