డీజేఐ మినీ 2 డ్రోన్: మన చిత్తూరు ఎండకి తట్టుకుంటుందా?

ఉదయం ఎనిమిదిలోపు ఎగరేస్తే ఐదుకి నాలుగున్నర, మే నెల మధ్యాహ్నం ఎగరేస్తే రెండు. ఇదీ నా రేటింగ్.

మామిడి తోటల వీడియోలకి దీన్నే వాడుతున్నా. 249 గ్రాముల లోపు బరువు, గాల్లో కుదురుగా నిలబడుతుంది, కెమెరా బాగుంటుంది. కానీ ఇది పనిచేయాల్సిన వాతావరణం 0 నుంచి 40 డిగ్రీల మధ్య అని కంపెనీయే చెప్పింది, మన తిరుపతిలో మే నెలలో 40 దాటడం మామూలే, పైగా అది నీడలో కొలిచే లెక్క. ఎండలో కాలిన బండ మీదో కారు బానెట్ మీదో పెట్టి స్టార్ట్ చేస్తే పైకి లేవకముందే బ్యాటరీ వేడెక్కుతుంది. అసలు చిక్కు ఇంకోటుంది. వేడి గాలి పలచన. 15 డిగ్రీలతో పోలిస్తే 45 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత దాదాపు పదో వంతు తగ్గుతుంది, అందుకే అదే బరువు మోయడానికి మోటార్లు ఇంకా గట్టిగా తిరగాలి, చార్జింగ్ త్వరగా అయిపోతుంది. 31 నిమిషాలు ఎగురుతుందని రాసుంటుంది కానీ అది గాలి లేనప్పటి లెక్క, ఎండాకాలంలో దాన్ని నమ్ముకోకండి, చార్జింగ్ 30 శాతం ఉండగానే దించేయండి.

చాలామంది పట్టించుకోనిది, స్క్రీన్‌గా రిమోట్‌కి తగిలించే ఫోన్. ఎండకి డ్రోన్ కన్నా ముందు ఫోనే చేతులెత్తేస్తుంది, స్క్రీన్ మసకబారి పైన ఏం జరుగుతోందో కనపడదు, ఆ టెన్షన్ వద్దు, చెట్టు నీడలో నిలబడి ఎగరేయండి. దిగిన బ్యాటరీని వెంటనే చార్జింగ్‌కి పెట్టొద్దు, చల్లారనివ్వండి. ఎండలో ఆపిన కారులో మాత్రం అస్సలు వదలొద్దు, లిథియం బ్యాటరీ ఉబ్బిందంటే ఇక దాన్ని వాడకూడదు, అంతే.

చలికాలంలో హార్స్‌లీ హిల్స్ మీద ఇది హాయిగా ఎగురుతుంది, మన చలి దీనికి లెక్క కాదు. అక్కడ భయం పొగమంచుతోనే, ఎందుకంటే దీనికి తడి నుంచి రక్షణ లేదు, ముందూ పక్కలా అడ్డొచ్చేవి పసిగట్టే సెన్సార్లూ లేవు. పొగమంచు విడిచాకే తీయండి. మనాలీ లాంటి చోటికి తీసుకెళ్తే మాత్రం బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. చలికి బ్యాటరీ లోపల రసాయన చర్య మందగించి, ఒక్కసారిగా స్పీడు పెంచితే వోల్టేజీ పడిపోతుంది, కాబట్టి లేచాక ఒక నిమిషం తక్కువ ఎత్తులోనే ఆపి వేడెక్కనివ్వాలి.

తిరుమల కొండ మీద డ్రోన్ నిషేధం, దయచేసి ఆ ఆలోచనే వద్దు. రేణిగుంట విమానాశ్రయం వైపు వెళ్లేవాళ్లు డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్) మ్యాప్‌లో అది ఎగరేయొచ్చే జోనో కాదో చూసుకోండి. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేశారు కాబట్టి ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌వే దొరుకుతాయి, కొనేటప్పుడు బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి చూడండి, కాస్త ఉబ్బినట్టున్నా ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.